మూడో మలుపు దగ్గర పసుపు గీత

మా ఇంట్లో ఎండాకాలం కంబళ్ళతో మొదలవుతుంది. లోకమంతా పల్చటి దుప్పట్లు బయటికి తీసే రోజుల్లో మా ముందు గదిలో పద్నాలుగు ఉన్ని కంబళ్ళు గోనెసంచుల్లో వచ్చి పడతాయి. కొండమీది చెక్క ఇంట్లో చలికాలమంతా ఎవరెవరో కప్పుకున్నవి. పొయ్యి పొగ వాసన, తడిసిన మేజోళ్ళ వాసన, ఎవరో ఒలకబోసిన సూపు మరక. అమ్మ ఒక్కోటీ విప్పి, కిటికీ వెలుతురుకు పట్టి, దొంగను చూసినట్టు చూస్తుంది. "వీడెవడో బూట్లతోనే పడుకున్నాడు," అంటుంది. ఇక నానబెట్టడం, ఉతకడం, చిరుగులు కుట్టడం, మళ్ళీ సంచుల్లో కట్టి పైకి పంపడం. ఆ పది రోజులూ ఇంట్లో గొర్రెల మంద కాపురముంటున్నట్టే ఉంటుంది.

ఆ చెక్క ఇంటిని మేమంతా పై ఇల్లు అంటాం. దాన్నీ, దానికి వెళ్ళే దారినీ చూసుకునేది ఒక నడక క్లబ్బు. జీతం లేని పని. శనివారం తెల్లారగానే పారలూ రంపాలూ భుజాన వేసుకుని కొండెక్కడం, వాననీళ్ళు దారిని కోసుకుపోకుండా అడ్డంగా రాళ్ళు పేర్చడం, పడిపోయిన చెట్లను కోసి పక్కకు దొర్లించడం, పై ఇంటి రేకులు బిగించడం, పొయ్యి గొట్టం దులపడం, సాయంత్రానికి నడుములు పట్టుకుని దిగిరావడం. దీన్ని సరదా అంటారు. మా నాన్న ఇరవై రెండేళ్ళుగా ఈ సరదా చేస్తున్నాడు.

నాన్న వృత్తి షాపుల బోర్డులు రాయడం. ఆరడుగుల రెండంగుళాల మనిషి. బోర్డు రాయాలన్నా ఎక్కడానికి ఏమీ అక్కర్లేదని ఊళ్ళో ఆయన పేరే నిచ్చెన అయిపోయింది. క్లబ్బులో ఆయన పని గుర్తులు వేయడం. దారి పొడుగునా చెట్ల బోదెల మీదా, బండల మీదా అరచెయ్యంత పసుపు గీతలు. ఒక గీత దగ్గర నిలబడితే తరువాతి గీత కనపడాలి. ఉన్న నియమం అదొక్కటే. ఆఫీసులో నాకిచ్చే కాగితాలు కూడా ఇంత సూటిగా ఉంటే నా జుట్టు ఇంకొంచెం ఒత్తుగా ఉండేది.

అమ్మ టైలరు. నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. పెళ్ళి ఫొటోలో ఆమె ఒక స్టూలు మీద నిలబడింది. స్టూలు కనపడకుండా ఫొటోగ్రాఫరు కింద కత్తిరించేశాడు.

ఇక నేను. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరుని. వేరేవాళ్ళు రాసినదాంట్లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ ఎండాకాలం ఒక ప్రాజెక్టు అయిపోయి రెండోది రాక, కంపెనీ నన్ను మూడు నెలలు బెంచి మీద పెట్టింది. ఆ బెంచి మా ఇంట్లో, అమ్మ కంబళ్ళ పక్కన వేసుకున్నాను.

*

ఉత్తరం తెచ్చినది పోస్టుమ్యాన్ మామయ్య. మామయ్యంటే చుట్టం కాదు. నాన్న కంటే పదేళ్ళు పెద్ద, క్లబ్బు సెక్రటరీ, రిటైరైనా అందరికీ పోస్టుమ్యానే. కవరు మా టేబులు మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"ముప్పై ఐదేళ్ళు ఊరందరికీ ఉత్తరాలు పంచాను. నా పేరున వచ్చిన ఒక్క ఉత్తరం ఇలా ఉండాలా?"

అడవి ఆఫీసు నుంచి. విషయం పొడవుగా ఉన్నా సారాంశం చిన్నది. నాలుగేళ్ళలో పదకొండు మంది మన దారిలో తప్పిపోయారు. పదకొండు మందీ ఒక్క చోటే: వాగు దాటాక మూడో మలుపు దగ్గర. కుడివైపు ఎక్కాల్సినవాళ్ళు ఎడమవైపు మేకల బాట పట్టుకుని ఎండిపోయిన లోయలోకి దిగుతున్నారు. మొన్న చలికాలంలో ఒక సంగీతం టీచరు చీకటి పడేదాకా ఆ లోయలో కూర్చుంటే, ఆఫీసువాళ్ళే దీపాలు పట్టుకుని వెళ్ళి తెచ్చారు. వానలు మొదలయ్యేలోపు కారణం తేల్చి సరిచేయాలి. లేదంటే దారి మూసేసి పై ఇంటికి తాళం వేస్తారు.

నాన్న ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. ఆయన చదువుతున్నంతసేపూ నేను ఆయన చేతుల్ని చూశాను. గోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఉండే పసుపు రంగు.

"ఆ మలుపు దగ్గర గుర్తు ఎంతుందో తెలుసా? గుడ్డివాడు తడిమినా దొరుకుతుంది," అన్నాడు. "వీళ్ళు చెట్లు చూడరు, గుర్తు చూడరు. ఫోను చూసుకుంటూ నడుస్తారు." ఆ మాటంటూ నావైపు చూశాడు. ఆ పదకొండు మందిలో నేను లేను. అయినా చూశాడు.

"ఏది ఏమైనా, మనకు రెండు నెలల టైముంది నిచ్చెనా," అన్నాడు మామయ్య.

కుట్టుమిషను ఆగింది. అమ్మ దారం తెంపింది.

"మూసేస్తారా?"

"ఎవరూ మూయరు," అన్నాడు నాన్న.

"మూసేలోపు నేనొకసారి చూసొస్తాను."

మేం ముగ్గురం ఆమెవైపు తిరిగాం.

"ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంటి కంబళ్ళు ఉతుకుతున్నాను. వాటిని పరిచే మంచం ఎలా ఉంటుందో తెలీదు. అడిగితే ఏం చెప్తారు మీరు? మంచంలా ఉంటుంది అంటారు."

"శనివారం నీ షాపు?"

"తాళం వేయడం నాకూ వచ్చు," అంది అమ్మ.

*

కారణం తేల్చే పని నాకప్పగించారు. అప్పగించారనడం అతిశయోక్తి. ఖాళీగా ఉన్నాను కాబట్టి నేనే మీద వేసుకున్నాను.

కొండ కింద క్లబ్బు షెడ్డులో ఒక రిజిస్టరు ఉంటుంది. ఎక్కేవాళ్ళంతా అందులో పేరు, వయసు, టైము రాసి, క్లబ్బు వానకోటు ఒకటి అరువు తీసుకుని, దాని నెంబరు కూడా రాసి బయల్దేరతారు. పైన ఎప్పుడు చినుకు పడుతుందో చెప్పలేం కాబట్టి కోటు తప్పనిసరి. నేను నాలుగేళ్ళ పేజీలు ఫొటోలు తీసి, కంప్యూటర్లో టేబులు చేశాను. తప్పిపోయినవాళ్ళకు ఎర్రరంగు వేశాను. వయసుకీ తప్పిపోవడానికీ సంబంధముందా? లేదు. టైముకీ? లేదు. ఒంటరిగా వెళ్ళినవాళ్ళా, గుంపుగానా? రెండూ. ఆరో తరగతి పిల్ల ఉంది, బ్యాంకు మేనేజరు ఉన్నాడు, ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఒకేసారి తప్పిపోయారు. పనికిరాని కాలమ్‌లన్నీ దాచేసి, మిగిలినవాటితో రంగురంగుల గ్రాఫులు గీశాను. అవి చూడ్డానికి చాలా బాగున్నాయి. ఏమీ చెప్పలేదు.

అప్పుడు ఫోనులో యాప్ చేశాను. దారి మొత్తం మ్యాపు మీద గీసి, మనిషి పక్కకు తప్పితే ఫోను మోగేలా. చాలా గొప్పగా వచ్చిందనుకుని మామయ్యను పరీక్షకు తీసుకెళ్ళాను. వాగు దాటగానే కొండ అడ్డొచ్చి సిగ్నలు పోయింది. మళ్ళీ వచ్చాక మేమిద్దరం చెరువు మధ్యలో ఉన్నామని యాప్ చెప్పింది. ఆ కొండ మీద చెరువే లేదు.

"నీళ్ళు వెచ్చగానే ఉన్నాయమ్మా," అన్నాడు మామయ్య, బండ మీద కూర్చుని బూటు విప్పుకుంటూ.

*

అమ్మ వచ్చిన శనివారం నాకు బాగా గుర్తు. ఆమె షాపు తలుపుకి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, నా పాత బూట్లలో గుడ్డముక్కలు కుక్కి తొడుక్కుంది. కంబళ్ళ సంచి ఒకటి నేను మోశాను. తనకూ ఒకటి కావాలంది. నాన్న ఇవ్వలేదు.

మా క్లబ్బు నడిచే పద్ధతి ఒకటుంది. గుర్తుల మనిషి ముందు నడుస్తాడు, మిగతావాళ్ళు ఆయన వెనక వరసగా. నాన్న వీపు చూసుకుంటూ వెళ్ళిపోవడమే. నేను ఎనిమిదేళ్ళ వయసు నుంచి అలాగే ఎక్కుతున్నాను.

వాగు దాటాక అమ్మ ఆగింది. బూట్లో రాయి.

"నువ్వు నడు. బరువుతో నిలబడకు. నేనొచ్చేస్తాను."

"ఉంటాలే అమ్మా."

"దారి కనపడుతోంది కదే. నేనేం చిన్నపిల్లనా?"

నడిచాను. పై ఇంటికి చేరి, సంచి దించి, నీళ్ళు తాగి, వెనక్కి చూస్తే అమ్మ లేదు. పావుగంట చూశాం. అరగంట. మామయ్య ఈల ఊదాడు. నాన్న అప్పటికే పెద్ద అంగలతో కిందికి వెళ్ళిపోయాడు. ఇంకో ఇరవై నిమిషాలకు ఇద్దరూ వచ్చారు. అమ్మ మోచేతి దగ్గర గీరుకుపోయింది, జుట్టు నిండా పల్లేరు ముళ్ళు. ఎండిన లోయలోకి దిగి, అక్కడ రెండు మేకల్ని చూసి, ఇది పై ఇల్లు అయ్యుండదని తెలుసుకుని వెనక్కి ఎక్కుతుంటే నాన్నకు ఎదురైందట.

నాన్న భయపడ్డాడు. భయపడితే ఆయన గొంతు పెరుగుతుంది. అది మాకు తెలుసు గానీ, పారలు పట్టుకుని నిలబడ్డ తొమ్మిది మందికి తెలియదు.

"అంత పెద్ద గుర్తు ఉంటే కనపడలేదా? గీత చూసుకుని నడవమని పిల్లలకు చెప్పినట్టు చెప్పాను కదా. రేపు ఆఫీసువాళ్ళు వింటే ఏమంటారు? గుర్తులు వేసేవాడి పెళ్ళామే తప్పిపోయిందంటారు."

అమ్మ జుట్టులోంచి ఒక ముల్లు పీకి పారేసింది. లోపలికి వెళ్ళి మంచాలు చూసింది. రెండు వరసల చెక్క బల్లలు, వాటి మీద ఎండుగడ్డి పరుపులు. సంచులు విప్పి కంబళ్ళు పరిచింది. ఎవరో అప్పటికే ఒకటి పరిచి ఉంటే తీసి తిప్పి వేసింది. "కుట్టున్న వైపు కాళ్ళ దగ్గరికి రావాలి," అని నాకు మాత్రమే వినపడేలా అంది. చివరి మంచం మీద కాసేపు కూర్చుంది. దిగేటప్పుడు దారి పొడుగునా నాన్న వెనకే నడిచింది.

*

సోమవారం షాపులో ఎవరిదో ప్యాంటు కురచ చేస్తూ, నావైపు చూడకుండా అడిగింది.

"ఆ తప్పిపోయినవాళ్ళ పేర్లు నీ దగ్గరున్నాయా?"

చదివాను. ఆమె సూది ఆపకుండా వింది.

"బ్యాంకు మేనేజరంటే ఆ చివరింటాయనేనా? ఐదడుగుల ఒక అంగుళం. చొక్కా చేతులు ఎప్పుడూ రెండంగుళాలు తగ్గించాలి. ముగ్గురు అక్కచెల్లెళ్ళు... వాళ్ళకు స్కూలు యూనిఫారాలు నేనే కుట్టాను. పెద్దదే నా భుజాల దాకా వస్తుంది. సంగీతం టీచరు?"

"ఆవిడ నీకు తెలుసా?"

"తెలీదు. ఏ నెంబరు కోటు తీసుకుందో రాసుందా?"

కోటు నెంబరు కాలమ్ నేను మొదటిరోజే పనికిరాదని దాచేశాను. ఇప్పుడు తెరిచాను. "నాలుగు."

అమ్మ తలెత్తింది. "ఒకటి నుంచి ఆరు దాకా నేను కురచ చేసిన కోట్లు. పొట్టివాళ్ళకని. మిగతావి చూడు."

చూశాను. రెండు, ఐదు, ఒకటి, మూడు, ఆరు, నాలుగు. పదకొండు మందిలో తొమ్మిది మంది కోట్లు ఆరు దాకా ఉన్నవే. ఒకరు కోటు నెంబరు రాయలేదు. ఒక్కరిది మాత్రం పన్నెండో నెంబరు.

"ఆయన పొడుగే," అన్నాను.

"ఆ రోజేమైంది?"

వెతికాను. "పేజీ అంచున దట్టమైన మంచు అని రాసుంది."

అమ్మ ప్యాంటు పక్కన పెట్టింది. "నేను అక్కడ నిలబడి అటూ ఇటూ చూశానే. నా ముందు ఆకులే ఉన్నాయి. ఆకుల మధ్య నుంచి మేకల బాట ఒక్కటే తెరిపిగా కనపడింది. మీ నాన్న గీత ఆ పొద వెనకాల ఎక్కడో, ఆయన కళ్ళంత ఎత్తులో ఉంది. నాకు ఆకాశంలో ఉన్నట్టే."

నేను రెండు వారాలు గీసిన గ్రాఫులు గుర్తొచ్చాయి. ఎత్తు అనే కాలమ్ ఏ రిజిస్టర్లోనూ ఉండదు. ఇంకా సిగ్గనిపించిన సంగతి వేరే ఉంది. గుర్తులు వేసేది నాన్న. ఏడాదికోసారి వాటిని సరిచూసేది కూడా నాన్నే. మిగతా అందరం ఆయన వీపు చూసి నడిచేవాళ్ళం. రాసినవాడే పరీక్షిస్తే తప్పు దొరకదని నా ఉద్యోగంలో మొదటిరోజే నేర్పారు. అది నేను కంపెనీకి మాత్రమే వర్తిస్తుందనుకున్నాను.

*

భోజనాల దగ్గర చెప్పాం. చెప్పింది నేను. అమ్మ వడ్డించింది.

నాన్న ముద్ద ఆపి విన్నాడు. మొత్తం విన్నాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

"ముప్పై ఏళ్ళుగా బోర్డులు రాస్తున్నాను. బోర్డు ఎత్తులో ఉంటేనే నలుగురికీ కనపడుతుంది. కింద రాస్తే ఎవరు చూస్తారు, కుక్కలా?"

"రోడ్డు మీద పొదలుండవు నాన్నా."

"సరే. పద్దెనిమిదేళ్ళు లేని తప్పు ఈ నాలుగేళ్ళలోనే ఎలా వచ్చింది? నేనేమైనా పెరిగానా?"

అది మంచి ప్రశ్న. జవాబు అమ్మ దగ్గర ఉంది.

"అక్కడ ఒక పెద్ద చెట్టు పడిపోయి ఉంది. ఎప్పుడు పడింది?"

ఆ చెట్టును కోసి పక్కకు దొర్లించింది నాన్నే. నాలుగేళ్ళ క్రితం గాలివానకు. చెట్టు పోయాక ఎండ పడింది, ఎండ పడ్డచోట పొదలు లేచాయి.

"అంటే నా గుర్తులు తప్పంటావు," అన్నాడు చివరికి.

"నాకు కనపడలేదంటున్నాను," అంది అమ్మ.

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. తరువాత మూడు రోజులు మా ఇంట్లో సమాచారమంతా నా ద్వారా నడిచింది. "మీ నాన్నకు కాఫీ కావాలేమో అడుగు." "కావాలని చెప్పు." "చక్కెర వేశానని చెప్పు." "వేసినట్టు లేదని చెప్పు." ముగ్గురం ఒకే గదిలో ఉన్నాం. మెసేజీ పంపి అందిందో లేదో చూసుకునే పని నాకు అలవాటే గానీ, ఇంట్లో ఆ ఉద్యోగం ఇంత బరువుగా ఉంటుందనుకోలేదు.

నాన్న అలకలో చిన్నతనం ఉంది, నిజమే. కానీ శుక్రవారం ఆయన్ని షెడ్డు వెనక చూశాను. పసుపు రంగు డబ్బా మూత తీసి, కర్రతో కలుపుతూ, కలుపుతూ, ఊరికే అలా కలుపుతూనే ఉన్నాడు. ఆ దారి మూసేస్తే ఆయనకు శనివారాలుండవు. మూయకుండా ఉండాలంటే తన చేత్తో వేసిన గీతలే జనాన్ని లోయలోకి పంపాయని ఒప్పుకోవాలి. ఆఫీసు రాసిన ఉత్తరంలో ఈ రెండో సంగతి లేదు.

*

శనివారం నాన్న మాకంటే ముందే వెళ్ళిపోయాడు. నేనూ అమ్మా మామయ్యా మూడో మలుపు చేరేసరికి అక్కడున్నాడు. పొదకు ఇవతల, దారి మధ్యలో, గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి అలా ముడుచుకుంటే ఎవరో మడతపెట్టి పెట్టినట్టుంటుంది. కదలకుండా ఎదురుగా ఆకుల్లోకి చూస్తున్నాడు. మేం వచ్చింది ఆయనకు తెలుసు. తిరగలేదు.

కొంచెం లేచి, మోకాళ్ళ మీద నిలబడి చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఎడమవైపు చూశాడు. అక్కడ మేకల బాట, తెల్లగా, తెరిపిగా, రమ్మన్నట్టు ఉంది.

మళ్ళీ ఎదురుగా ఆకులకేసి చెయ్యి చూపించాడు.

"పొద ఉంది."

"ఊఁ," అంది అమ్మ.

మామయ్య కొడవలి తీశాడు. "ఇంతేనా? ఐదు నిమిషాల్లో నరికేస్తా."

"నరికితే ఏడాదిలో మళ్ళీ పెరుగుతుంది అన్నయ్యా," అంది అమ్మ. "నేను పెరగను."

నాన్న మోకాలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. రంగు డబ్బా తెరిచాడు. ఇనుప బ్రష్షుతో పొదకు ఇవతలి బండ మీద నాచు గీకడానికి వంగి, ఆగి, అమ్మవైపు చూశాడు.

"ఎక్కడ వేయమంటావు?"

అమ్మ దారి మధ్యలో నిలబడి, బండను ఒకసారి చూసి, కొలతలు తీసేటప్పుడు అనే గొంతుతో అంది. "ఇంకా కింద. ఇంకొంచెం. ఎడమకు రండి. అక్కడ."

*

మూడో మలుపుతో అయిపోతుందనుకున్నాను. అమ్మ అనుకోలేదు. ఒక చోట కనపడకపోతే ఇంకెన్ని చోట్ల కనపడట్లేదో అంది. ఆ తరువాత ఐదు శనివారాలు మా నడక తలకిందులైంది. అమ్మ ముందు, ఆమె వెనక డబ్బా పట్టుకుని నాన్న, ఆయన వెనక కాగితం పట్టుకుని నేను. ప్రతి గీత దగ్గరా అమ్మ ఆగుతుంది. తరువాతిది కనపడితే నడుస్తుంది. కనపడకపోతే నడవదు. అంతే. బతిమాలినా నడవదు.

"అదిగో కదా, ఆ కొమ్మ పక్కన," అనేవాడు నాన్న.

"మీకు తెలుసు కాబట్టి కనపడుతోంది."

నాలుగో మలుపు దగ్గర ఒకటి, నీటి ఊట దగ్గర రెండు, పైకి చేరే ముందు రాళ్ళ మెట్ల దగ్గర ఏకంగా నాలుగు. మొత్తం పదిహేడు చోట్ల. దిగేటప్పుడు మళ్ళీ అదే తంతు. వెళ్ళేవాళ్ళకు కనపడేది వచ్చేవాళ్ళకు కనపడక్కర్లేదు కదా, బండకు రెండు వైపులుంటాయి. రెండో శనివారం నాన్న గీతకు అంచు దిద్ది, కింద సన్నటి నీడ కూడా వేయబోయాడు.

"అది బోర్డు కాదండీ, ఇంకో గీత వేయండి, పొద్దెక్కుతోంది," అంది అమ్మ.

"చూడ్డానికి బాగుంటుందని."

"బాగానే ఉంది. నడవండి."

షాపుకొచ్చేవాళ్ళు ఐదు శనివారాలు తాళం చూసి సణుక్కున్నారు. ఒకావిడ, "ఈ వయసులో కొండలేంటమ్మా?" అందట. "మీ జాకెట్టు సోమవారం ఇస్తాను," అని చెప్పిందట అమ్మ.

ఈలోగా నాకు కంపెనీ నుంచి ఫోనొచ్చింది, కొత్త ప్రాజెక్టు, వచ్చే నెల నుంచి. సంతోషించాను. ఆ రోజుకి ఇంకా పదకొండు గీతలు మిగిలున్నాయి, ఆకాశం పడమటివైపు నల్లబడటం మొదలైంది.

*

ఆఫీసరు వచ్చిన రోజు పొద్దున్నుంచి గాలి లేదు. యాభై ఏళ్ళాయన, మాటలు తక్కువ. వెంట ఒక గుమాస్తా అమ్మాయి, ఉద్యోగంలో చేరి వారమైందట. భుజానికి ఫైళ్ళ సంచి, కాళ్ళకు ఆఫీసు చెప్పులు. అమ్మ ఆమెను పైనుంచి కిందికి ఒక్కసారి చూసి నా చెవిలో, "ఐదడుగులు. అర అంగుళం తక్కువ కూడా," అంది.

వాగు దాకా అందరం కలిసే నడిచాం. అక్కడ ఆఫీసరు ఆగాడు.

"మనమంతా పైకి వెళ్దాం. ఈ అమ్మాయి పావుగంట ఆగి ఒక్కతే వస్తుంది. దారి ఎప్పుడూ చూడలేదు, ఫోను నా దగ్గరుంటుంది. వాగు నుంచి ఎంతసేపు?"

"యాభై నిమిషాలు," అన్నాడు నాన్న.

"చూద్దాం," అన్నాడు ఆఫీసరు.

పై ఇంటి వరండాలో కూర్చున్నాం. మామయ్య రొట్టెలు తీశాడు, ఎవరూ ముట్టుకోలేదు. ఆ అమ్మాయి బయల్దేరిన లెక్కన యాభై నిమిషాలు గడిచాయి. గంట. నాన్న వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నాడు, ప్రతిసారీ దూలానికి తల తగలకుండా వంగుతూ. గంటా పది నిమిషాలు. ఎక్కడో ఉరిమింది.

నాన్న మెట్లు దిగబోయాడు.

"ఎక్కడికి?" అంది అమ్మ. ఆమె లోపలి మంచం మీది కంబళి దులుపుతోంది.

"వాన వచ్చేలా ఉంది. ఆ పిల్ల..."

"కూర్చోండి. మీరు ఎదురెళ్తే మీ వీపు పట్టుకుని వచ్చేస్తుంది. అప్పుడు దారి సంగతి తేలదు."

"తప్పిపోయి ఉంటే?"

"ఏ గీత దగ్గర తప్పిపోతుంది? మీరే చెప్పండి. ఒక్కటి చెప్పండి, నేనే వెళ్తాను."

నాన్న నిలబడి ఆలోచించాడు. కళ్ళు సగం మూసుకుని, వాగు దగ్గర నుంచి ఒక్కో గీతనూ తలుచుకుంటూ వస్తున్నాడని ఆయన పెదవులు చూస్తే తెలిసింది. చివరికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆఫీసరు వాచీ చూసుకుని మళ్ళీ పక్కకు తిప్పుకున్నాడు.

గంటా పాతిక నిమిషాలకు రాళ్ళ మెట్ల మీద మొదట ఫైళ్ళ సంచి కనపడింది, తరువాత మనిషి. ఒక కాలు ఈడుస్తూ వస్తోంది. ఎడమ చెప్పు అడుగు ఊడిపోతే సంచి తాడుతో పాదానికి కట్టుకుంది.

"దారి తప్పావా?" అని అడిగాడు ఆఫీసరు.

"దారెక్కడ తప్పుతానండీ?" అంది ఆ అమ్మాయి, కొంచెం విసుగ్గా. "ఎటు చూసినా మొహానికి ఎదురుగా పసుపు గీతలే. తప్పిపోదామన్నా వదలట్లేదు. ఈ చెప్పు కట్టుకోవడానికే అరగంట పట్టింది." వరండా అంచున కూలబడి, "మంచినీళ్ళున్నాయా?" అంది.

మామయ్య నీళ్ళివ్వబోయి రొట్టె ఇచ్చాడు. ఆ అమ్మాయి అదీ తీసుకుంది.

ఆఫీసరు ఒళ్ళో ఫైలు పెట్టుకుని రాశాడు. ఏడాది దాకా తెరిచే ఉంచొచ్చు, మళ్ళీ ఎండాకాలం వచ్చి చూస్తాం అన్నాడు. ఒక్క ఏడాదే. కానీ నాన్న మొహం చూస్తే ఆయనకు కొండ మొత్తం రాసిచ్చినట్టుంది.

"గుర్తులు ఎవరివి? పేరు రాసుకోవాలి," అన్నాడు ఆఫీసరు.

మేమందరం నాన్నవైపు చూశాం, అలవాటుకొద్దీ. నాన్న లోపలికి, కంబళ్ళ దగ్గరికి, చెయ్యి చూపించాడు.

"మా ఆవిడవి. నేను రంగు వేశానంతే."

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆఫీసరు ఆమె పేరు అడిగి రాసుకున్నాడు. అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆమె వంగి చూసింది.

"మీ క్లబ్బు చూసేది ఇంకో దారి కూడా ఉంది కదా, జలపాతం వైపు?" అన్నాడు ఆయన ఫైలు మూస్తూ. "దాని మీద ఫిర్యాదులు లేవు. అది బాగానే ఉందా?"

నాన్న నోరు తెరిచాడు. బాగానే ఉందని అనబోయాడని నాకు తెలుసు. ఆ దారి గీతలు కూడా ఆయనవే, ఏడాదికోసారి సరిచూసేదీ ఆయనే. నోరు మూసుకుని అమ్మవైపు చూశాడు.

"చూడకుండా ఎలా చెప్తాం?" అంది అమ్మ. "వచ్చే శనివారం వెళ్తాను." నాన్నవైపు తిరిగింది. "మీరొస్తారా?"

రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి. నాన్న మెట్టు మీంచి వరండాలోకి జరిగి కూర్చున్నాడు.

"ఎన్నింటికి బయల్దేరాలి?" అన్నాడు.